ఆసన్ అన్న చీటీలు

పురుగులను గురించి వ్రాయవలసి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. నా పని మాటలతో. ముప్పయి యేండ్లుగా హిందీ నుండి తెలుగులోనికి, అప్పుడప్పుడు తెలుగు నుండి హిందీలోనికి, ఒకరి వాక్యాలను మరొకరికి చేరవేస్తూ కాలం గడుపుతున్నాను. పుస్తకాలను తినే పురుగుతో తప్ప తక్కిన కీటక ప్రపంచంతో నాకు పరిచయం లేదు; ఆ పరిచయమైనా స్నేహపూర్వకమైనది కాదు. అయినా 2022 జూన్ నెలలో పన్నెండు రోజులపాటు డెహ్రాడూన్‌లో ఒక ఇంటి వసారాలో కూర్చుండి, భూతద్దం చేత పట్టుకొని, గోటి వెడల్పు కూడ లేని కాగితపు ముక్కలమీది అక్షరాలను చదువుతూ ఉండిపోయాను. ప్రతి ముక్కకు నడుమ ఒక సూది. ప్రతి సూది పైన ఒక పురుగు.

ఆ పురుగులు నా మిత్రునివి. 1992లో కాశీలో నేను హిందీ ఎం.ఏ.లో చేరిన యేడే అతడు జంతుశాస్త్రంలో చేరాడు. వసతిగృహంలో తెలుగువారము ఇద్దరమే కావడంవల్ల స్నేహితులము కాక తప్పలేదు. శ్రీకాకుళం జిల్లాలో గోగు పండించే రైతు కుమారుడతడు. మనవారికి గోగు అంటే ముందు పచ్చడి గుర్తుకు వస్తుంది. ఆ జిల్లా రైతుకు మాత్రం గుర్తుకు వచ్చేది నార. ఏపుగా పెరిగిన గోగుకాడ ఒక్కొక్కసారి నడుమ కణుపులాగా ఉబ్బి, గాలి వీచిన నాడు సరిగా అక్కడనే విరిగి పడుతుంది. పదేండ్ల పిల్లవాడుగా ఉండగా తాను ఆ ఉబ్బును గోటితో చీల్చి చూశాననీ, బెరడు క్రింద మరమేకు చుట్లవలె తిరిగిన సన్నని దారి, ఆ దారి చివర నూలుపోగువంటి తెల్లని పురుగు కనిపించినవనీ చెప్పేవాడు. అది రెక్కల పురుగై బయటికి వచ్చేసరికి నువ్వుగింజకన్న కొంచెం పొడవు, రాగిరంగు మెరుపు. శాస్త్రజ్ఞులు దానిని అగ్రిలస్ అక్యూటస్ అంటారు. తండ్రి దానిని ఏమనేవాడో మిత్రుడు చెప్పాడు గాని, ఇక్కడ వ్రాయదగిన మాట కాదు.

ఎం.ఎస్‌సీ. ముగిసిన తరువాత అతనికి డెహ్రాడూన్‌లో ఒక కళాశాలలో అధ్యాపకత్వం దొరికింది. 1998 మొదలు 2019 వరకు, సెలవు దొరికినప్పుడెల్ల, డూన్ లోయలోని కొయ్యను తొలిచే మణిపురుగులను సర్వేక్షణ చేశాడు. ఎవరూ చేయుమన్నది కాదు. అటవీశాఖ అనుమతి ఉన్నది. జీతం గాని గ్రాంటు గాని లేదు. 2021 మే నెలలో, ఆ మహమ్మారి రెండవసారి విజృంభించిన రోజులలో, ఎనిమిది దినాలు జ్వరపడి పోయాడు. నేను వెళ్ళలేకపోయాను. ఆ నెలలో ఎవరము ఎవరి దగ్గరకు వెళ్ళగలిగాము?

*

మణిపురుగు అన్న మాట నేను చేసుకొన్నది. మన పల్లెలలో దీనికి మంచి పేర్లే ఉన్నవి. తొలకరి వానలకు తుమ్మచెట్లమీద వ్రాలే పెద్దదానిని జీరంగి అంటారు, బంగారు పురుగు అంటారు. అగ్గిపెట్టెలో నాలుగు తుమ్మాకులు పరచి, అందులో దానిని పెట్టి, అది గ్రుడ్డు పెట్టినదో లేదో అని గడియకొకసారి తెరచి చూడని పిల్లవాడు మా తరంలో ఉండడు. తమిళులు పొన్‌వండు అంటారు, అర్థం అదే. అది స్టెర్నోసెరా అన్న ప్రజాతికి చెందినది. కొన్నింటి రెక్కతొడుగులు నెమలిమెడ రంగు, కొన్నింటివి తేనెరంగు. తక్కిన బంధువులవలె ఇది కొమ్మలలో పెరగదు. పిల్లపురుగు నేలలో ఉండి వేళ్ళను తింటుంది. అగ్గిపెట్టెలో గ్రుడ్లు పెట్టించిన మనకు ఆ సంగతి తెలియక, అవి పొదగలేదని బాధపడినాము.

హిందీ ప్రాంతంలో దీని పేరు సోన్‌కిరవా, లేక సున్‌కిరవా. ఈ పేరే మా ఇద్దరిమధ్య పాతికేండ్ల పరిహాసానికి కారణమయింది. పదిహేడవ శతాబ్దంలో ఆంబేరు రాజు జయసింహుని కొలువులో ఉండిన బిహారీ కవి తన సత్‌సయీలో ఒకచోట పల్లెటూరి పిల్లను వర్ణిస్తూ, ఆమె నుదుట ఉన్నది సున్‌కిరవా అడ్డబొట్టు అంటాడు. నగలు లేని పిల్ల పురుగు రెక్కను కత్తిరించి బొట్టుగా పెట్టుకొన్నది. 1996లో నేను ఒక మాసపత్రికకు ఆ దోహాలు కొన్ని తెలుగు చేశాను. నిఘంటువు చూసే ఓపిక లేక, మెరిసే పురుగు గదా అని, సున్‌కిరవాను మిణుగురు చేశాను. పద్యం బాగానే నడిచింది, నలుగురు మెచ్చుకొన్నారు. పది రోజులకు డెహ్రాడూన్ నుండి ఒక కార్డు వచ్చింది. “ఏట్రా, ఆ పిల్ల నుదుట మిణుగురును అంటించావు. పట్టపగలు అది వెలుగుతుందా? వెలిగినా చచ్చిన తరువాత వెలుగుతుందా? సున్‌కిరవా మన జీరంగిరా. చచ్చి నూరేండ్లయినా దాని మెరుపు పోదు. నీ పద్యంలో పోయింది.”

అతడు చెప్పినది అక్షరాలా నిజము. ఈ పురుగుల రంగు చాలవరకు రంగు కాదు. రెక్కతొడుగు పైపొరలో అతి పలుచని రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు ఉంటవి. వెలుగు ఒక్కొక్క రేకు నుండి తిరిగి వచ్చి, ఆ తిరిగి వచ్చిన కిరణాలు ఒకదానినొకటి బలపరచుకొన్న చోట పచ్చదనం, ఎరుపుదనం పుడుతవి. చూసే కోణం మారితే రంగు మారుతుంది. వెలిసిపోవడానికి అక్కడ అద్దకం లేదు. అందువల్లనే బసోలీ చిత్రకారులు పదిహేడవ శతాబ్దపు రసమంజరి చిత్రాలలో నాయిక మెడలోని పచ్చలకు బదులుగా ఈ రెక్కముక్కలను అతికించారు. అవి ఈనాటికీ మెరుస్తున్నవి. జపానులో నారా దగ్గర హోర్యూజీ ఆలయంలో ఏడవ శతాబ్దపు మందసం ఒకటి ఈ జాతి పురుగుల రెక్కలతోనే అలంకృతమైనది. ఇప్పుడు చాలవరకు రాలిపోయినా, మిగిలిన కొన్ని రంగు మారలేదట. మొగలుల కాలం నుండి మన కుట్టుపనివారు వీటిని జరీతోపాటు మస్లిన్ బట్టమీద కుట్టేవారు. 1903 ఢిల్లీ దర్బారు నాటి నృత్యోత్సవంలో వైస్రాయి భార్య లేడీ కర్జన్ ధరించిన నెమలి గౌను ప్రఖ్యాతమైనది. దానిలోని ప్రతి నెమలికన్ను నడుమ ఉన్నది మరకతం కాదు, మన సున్‌కిరవా. పల్లెపిల్ల బొట్టుకూ వైస్రాయి భార్య గౌనుకూ సరుకు ఒక్కటే.

*

మెరుపు అంతా పైనే. ఈ పురుగు జీవితంలో అధికభాగం చీకటిలో గడుస్తుంది. తల్లి బెరడు పగులులో గ్రుడ్డు పెడుతుంది. పిల్లపురుగు బెరడుకూ కొయ్యకూ నడుమ దారి చేసుకొంటుంది. కొన్ని జాతులు చేవదాకా పోతవి. దాని తల వెనుకభాగం వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది; తక్కిన శరీరం సన్నగా తోకవలె వ్రేలాడుతుంది. మిత్రుడు దానిని ‘గుర్రపునాడా మేకు’ అనేవాడు. శరీరం ఎట్లాంటిదో దారీ అట్లాంటిదే. అది తొలిచిన సొరంగం గుండ్రంగా కాక నొక్కినట్లుంటుంది. వెనుక వదలిన పొడి పొరలు పొరలుగా గట్టిగా కూరి ఉంటుంది. రెక్కలు వచ్చి బయటపడే రంధ్రం కోడిగ్రుడ్డు ఆకారంలోనో, అగ్రిలస్‌లలోనైతే సగం చందమామవలెనో ఉంటుంది. దుంగమీద అట్టి రంధ్రం చూస్తే చాలు, లోపల ఉన్నది ఎవరో తెలుస్తుంది. ఎన్నాళ్ళున్నదో మాత్రం తెలియదు. సాధారణంగా ఏడాదో రెండేండ్లో. కాని కొయ్య ఎండి, పోషణ చాలకపోతే ఎదుగుదల సాగి సాగి పోతుంది. ఉత్తర అమెరికాలో బ్యుప్రెస్టిస్ ఆరులెంటా అన్న బంగారు పురుగు, ఇండ్లకు వేసిన కొయ్యలోనుండి యాభై యేండ్లు దాటిన తరువాత కూడ బయటికి వచ్చినట్లు లెక్క ఉన్నది. అప్పటికి ఆ ఇల్లు కట్టినవారు ఉండిరో లేదో.

ప్రపంచంలో పేరు పెట్టిన మణిపురుగులు ఇంచుమించు పదిహేనువేల జాతులు. వీటిలో అగ్రిలస్ ఒక్కదానిలోనే మూడువేలకు పైగా ఉన్నవి. జంతులోకం మొత్తంలో అంత పెద్ద ప్రజాతి వేరొకటి లేదంటారు. మన దేశపు జాతులకు పేర్లు పెట్టినవారిలో పెక్కుమంది మన దేశం చూడనివారు. బ్రస్సెల్సులో కెర్రెమాన్స్, ప్రాగులో ఒబెన్‌బర్గర్, ఎవరో పంపిన పెట్టెలు ముందు పెట్టుకొని లాటినులోను, ఫ్రెంచిలోను రెండు మూడు పంక్తుల వర్ణన వ్రాసి అచ్చు వేశారు. స్థలం అన్నచోట కొన్నింటికి ‘ఇండియా’ అన్న ఒక్క మాటే ఉన్నది. ఏ అడవి, ఏ చెట్టు? దీనికి కొంత సమాధానం చెప్పినవారు డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసినవారే. స్టెబ్బింగ్ 1914లోను, బీసన్ 1941లోను ప్రకటించిన అటవీకీటక గ్రంథాలలో పురుగు ప్రక్కన అది తినే చెట్టు పేరు ఉన్నది. బీసన్ పుస్తకానికి మిత్రుని దగ్గర ఒక నకలు ఉండేది. అంచులలో తెలుగులో వ్రాతలు: “చూశాను.” “చూడలేదు.” “ఇది నిజమా?”

2009 జూన్‌లో అతడు నన్ను థానో అడవికి తీసుకొని పోయాడు. అదొక్కసారే అతని పని నేను కళ్ళారా చూడడం. నేను ఉదయం ఆరింటికే సిద్ధమైతే నవ్వి, పది దాటితేగాని బయలుదేరనన్నాడు. దీపానికి వచ్చే పురుగులు వేరు. ఇవి సూర్యుని పురుగులు. మనుష్యుడు నీడకు పోయే వేళకు ఇవి ఎండకు వస్తవి. అతని చేత ఒక నల్ల గొడుగు, దానికి లోపల తెల్లని పంచెగుడ్డ కుట్టించి ఉన్నది. గొడుగును తలక్రిందులుగా కొమ్మ క్రింద పట్టి, కర్రతో కొమ్మను ఒక్క దెబ్బ. ఆకులు, సాలెపురుగులు, చీమలు, గొంగళ్ళు గుడ్డమీద రాలుతవి. వాటి నడుమ కాళ్ళు ముడుచుకొని చచ్చినట్లు నటిస్తున్న ఒక నలుసు. అది కన్ను తెరిచి ఎగిరేలోపల సీసా మూయాలి. గంటసేపు నా కంటికి ఒక్కటీ కనిపించలేదు. అతడు తొమ్మిది పట్టాడు. కొట్టి పడవేసిన దుంగ ఒకటి కనిపిస్తే దాని ప్రక్కన చతికిలబడి, ఎండ తగిలే వైపు తదేకంగా చూస్తూ కూర్చునేవాడు. క్రైసోబోత్రిస్ అన్న గంధపురంగు పురుగు బెరడులో బెరడుగా కలిసిపోయి ఉంటుంది. రెక్క విప్పితే మాత్రం వీపు నీలంగా భగ్గుమంటుంది. నీడ కదిలిందా, దుంగకు ఆవలివైపుకు పోతుంది. మళ్ళీ మనం ఆవలికి పోతే ఈవలికి వస్తుంది. ఆ దుంగ చుట్టూ నలభై యేండ్ల అధ్యాపకుడు మోకాళ్ళమీద ప్రదక్షిణం చేస్తుంటే అటుగా వచ్చిన అటవీ కాపలాదారు, “మాస్టర్‌జీ, సాల్ బోరరేనా?” అని అడిగాడు.

ఆ ప్రశ్న సహజమే. సాలవృక్షాలను తొలిచే పెద్ద కొమ్ముల పురుగు 1990ల చివర మధ్యప్రదేశ్ అడవులలో చేసిన విధ్వంసం అందరికీ జ్ఞాపకమున్నది. అప్పటినుండి సాలవనంలో ఏ పురుగైనా దోషియే. అది వేరొక కుటుంబానికి చెందినదనీ, తన పురుగులు చాలవరకు చచ్చిన కొమ్మలను, చావబోయే కొమ్మలను తిని అడవిని శుభ్రం చేసేవనీ మిత్రుడు ఓపికగా చెప్పాడు. కాపలాదారు తల ఊపి, “అయితే వీటివల్ల నష్టం లేదు. మరి లెక్క ఎందుకు?” అన్నాడు.

తిరుగుదారిలో మిత్రుడు ఆ ప్రశ్నకు నాకు జవాబు చెప్పాడు. 2002లో అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతంలో యాష్ చెట్లు చచ్చిపోతున్నవి. బెరడు క్రింద పచ్చని పురుగు దొరికింది. అది ఏదో ఆ దేశంలో ఎవరికీ తెలియలేదు. సముద్రాలు దాటించి స్లొవేకియాలో ఉన్న యెండెక్ అన్న పండితునికి పంపితే అతడు గుర్తుపట్టాడు: అది 1888లో ఒక ఫ్రెంచి పండితుడు చైనా నుండి వచ్చిన నమూనాలకు పేరు పెట్టిన అగ్రిలస్ ప్లానిపెన్నిస్. అప్పటికే ఆలస్యమయింది, ఆ తరువాత కోట్లకొలది చెట్లు చచ్చినవి. “ఇంట్లో ఎవరున్నారో తెలిస్తేగదా, కొత్తవాడు వచ్చినట్లు తెలిసేది,” అన్నాడు. నిజం చెప్పవలసి వస్తే, ఆ ఉపకారంకోసం అతడు ఈ పని చేశాడని నేను అనుకోను. గోగుకాడను చీల్చిన పిల్లవాని కుతూహలం అది. ఉపయోగం అనేది అడిగినవారికి చెప్పడానికి దాచి ఉంచుకొన్న జవాబు.

లెక్క ముగియదన్న సంగతి అతనికి తెలుసు. పట్టినవాటిలో చాలా జాతులు ఒక్కసారే దొరుకుతవి. ఒక్కసారే దొరికినవి ఎన్ని, రెండుసార్లు దొరికినవి ఎన్ని అన్న రెండు అంకెలనుబట్టి ఇంకా చూడనివి కనీసం ఎన్ని ఉండునో అంచనా కట్టే సూత్రం ఒకటి ఉన్నది. చావ్ అన్న విదుషి 1984లో ప్రకటించినది. ఒంటరివి ఎక్కువైనకొద్ది కనిపించనివీ ఎక్కువే. అతని పుస్తకాలలో ప్రతి డిసెంబరులోను ఈ లెక్క ఉన్నది. దాని క్రింద ఏ సంవత్సరమూ గీత గీయలేదు. జాతుల సంఖ్య నేను ఇక్కడ వ్రాయను. దానిని శాస్త్రజ్ఞులు తేల్చవలసి ఉన్నది.

*

అతని భార్య నాకు ఫోను చేసినది 2022 ఏప్రిల్‌లో. “అన్నయ్యగారూ, పెట్టెలు ఇరవై రెండున్నాయి. వానాకాలం వస్తే బూజు పడుతుంది. ఒక పరిశోధనాలయంవారు తీసుకుంటామన్నారు గాని చీటీలన్నీ తెలుగులో ఉన్నాయట, చదవలేమంటున్నారు. నేను చదివితే నాకు సగం మాటలు అర్థం కావడం లేదు,” అన్నది. వారు పెట్టిన నియమం న్యాయమైనదే. ఏ చోట, ఏ నాడు, ఏ చెట్టుమీద దొరికినదో తెలియని పురుగు అందమైన వస్తువు మాత్రమే, సాక్ష్యం కాదు. చీటీ పోయిన పురుగును వారు ప్రక్కన పెడతారు.

మిత్రుడు చీటీలు తెలుగులో ఎందుకు వ్రాశాడు? చేతికి త్వరగా వచ్చేది అదే గనుక. పదవీ విరమణ చేసిన తరువాత అన్నీ ఇంగ్లీషులో శుభ్రంగా తిరిగి వ్రాయాలని అతని సంకల్పం. ఆ చీటీలమీద చోటు, తేది, చెట్టు అన్న మూడు సంగతులకూ స్థలం చాలదు గనుక పొట్టి మాటలు. ‘గు’ అంటే గుగ్గిలం, అనగా సాలవృక్షం. సాలవనాలకు దక్షిణపు హద్దు ఇంచుమించు తన జిల్లాయే అని అతనికి గర్వం. అందుచేత దానిని సాల్ అని ఎన్నడూ అనడు. ‘చం’ అంటే చండ్ర, హిందీలో ఖైర్. ‘మో’ అంటే మోహండ్, శివాలికుల అవతలి ఊరు. ‘మ’ అంటే ఒకచోట మామిడి, ఒకచోట మద్ది. ఇవన్నీ క్షేత్రపుస్తకాల సాయంతో నాలుగైదు రోజులలో విడిపోయినవి. ఇరవై రెండు పెట్టెలలో రెండువేల పైచిలుకు పురుగులు. నేను చదువుతుంటే అతని కుమార్తె కంప్యూటరులో ఎక్కించేది. పెట్టెలోని నాఫ్తలీను వాసనకు నా తల తిరిగేది. సూది కదిపితే ఎక్కడ కాలు విరుగుతుందో అని చెయ్యి వణికేది.

చివరకు పదకొండు చీటీలు మిగిలినవి. వాటిమీద తేది ఉన్నది. తేది క్రింద ఒకటే మాట: ఆసన్.

డూన్ లోయకు ఉత్తరాన ముస్సోరీ కొండలు, దక్షిణాన శివాలికులు, తూర్పున గంగ, పడమట యమున. డెహ్రాడూన్ ఊరు నీటివాలుకు నడిమిట్టమీద ఉన్నది. ఊరికి తూర్పున పడిన వాన సోంగ్ నదిలో చేరి గంగకు పోతుంది. పడమట పడిన వాన ఆసన్ నదిలో చేరి యమునకు పోతుంది. యమున కలిసే చోట 1967లో ఆనకట్ట కట్టగా ఏర్పడిన జలాశయం శీతాకాలపు పక్షులకు ప్రసిద్ధం. 2020లో దానిని రాంసార్ జాబితాలో కూడ చేర్చారు. కాబట్టి ఆసన్ ఒక చోటు.

ఆసన్ ఒక చెట్టు కూడ. హిందీలో ఆసన్, అస్నా అని పిలిచే చెట్టు మన నల్లమద్ది. టసర్ పట్టుపురుగులను పెంచేది దానిమీదనే. సాలవనాలలో సాలవృక్షానికి తోడుగా పెరిగేది అదే. ఇంతటితో ముగియలేదు. సంస్కృత నిఘంటువులలో అసనము అంటే వేరొక చెట్టు, బెరడు గాటుపెడితే ఎర్రని బంక కారే యేగిస. నావంటి పుస్తకాల మనిషి మొదట తీసేది నిఘంటువునే. ఆ పదకొండు చీటీలకూ నేను ‘యేగిస’ అని వ్రాసి ఉంటే వాక్యనిర్మాణంలో ఏ దోషమూ ఉండేది కాదు. ఏ సంపాదకుడూ ఎర్రగీత గీయడు. తరువాత ఎవరో ఒక విద్యార్థి డూన్ లోయలో ఫలానా పురుగు యేగిసలో పెరుగుతుందని తన వ్యాసంలో వ్రాస్తాడు. దానిని చూసి మరొకరు వ్రాస్తారు. మిణుగురు అయితే ఒక పద్యాన్ని పాడుచేసి ఊరుకొన్నది.

అనువాదకునికి ఒక దురభ్యాసం ఉన్నది, నాకైతే ఉన్నది. మూలంలో మాట స్పష్టం కానప్పుడు సందర్భానికి సరిపడేదానిని పెట్టి ముందుకు పోతాడు. వాక్యం ఆగరాదు. ఖాళీ వదలిన అనువాదాన్ని ఎవరూ అచ్చు వేయరు. ముప్పయి యేండ్లలో నేను ఇట్లా పూడ్చిన ఖాళీలు ఎన్నో, వాటిలో ఎన్ని మిణుగురులో నాకే తెలియదు.

పదకొండు తేదీలనూ పట్టుకొని క్షేత్రపుస్తకాలు తిరిగి మొదటినుండి చదివాను. ఆరు తేదీలకు పుటలు దొరికినవి. హెర్బర్ట్‌పూర్ బస్సు, ఒడ్డున శీషం చెట్లు, నీరు తగ్గిన ఇసుక మేట, తోడు వచ్చిన విద్యార్థికి వడదెబ్బ. సందేహం లేదు, అవి నది. తక్కినవాటికి ఆ రోజున పుటయే లేదు. ఆ రోజులలో అతడు ఇల్లు కదలలేదు. ఇల్లు కదలకుండా పురుగును ఎట్లా పట్టాడు?

ఈ చిక్కును విప్పినది అతని భార్య. “అవి డబ్బా పురుగులు అన్నయ్యగారూ,” అన్నది. అడవి నుండి ఎండుకొమ్మలు తెచ్చి, ముక్కలు చేసి, పదిహేను కిలోల నూనె డబ్బాలలో వేసి మూత బిగించేవాడట. డబ్బా ప్రక్కన ఒక రంధ్రం, దానికి ఒక గాజుసీసా. నెలలు గడిచి లోపల పురుగు రెక్కలు తొడుక్కొని, చీకటిలో వెలుగు కనిపించిన వైపు నడచి, సీసాలో పడేది. చీటీమీది తేది పురుగు బయటపడిన తేది. కొమ్మ నరికిన తేది కాదు. అయితే ముందటి యేడు పుటలు చూడాలి. చూశాను. “థానో. ఆసన్ కొమ్మ, పిడుగుపడినది, రెండు ముక్కలు సంచిలో వేశాను” అన్న వాక్యం ఒకటి దొరికింది. థానో సోంగ్ నది వైపు; ఆసన్ నదికి లోయంత దూరం. మూడు చీటీలు ఆ డబ్బావి. అక్కడ ఆసన్ అంటే నల్లమద్ది. 2020లో విమానాశ్రయం విస్తరించడానికి ఆ థానో అడవిలో ఇంచుమించు పదివేల చెట్లు కొట్టే ప్రతిపాదన వచ్చి, ఊరివారు అడవిలో గుమికూడి నిరసన తెలిపారు. ఆ సంవత్సరం మిత్రుడు నాకు వ్రాసిన ఉత్తరంలో తన పురుగుల ప్రస్తావన లేదు. ఎన్ని చెట్లు అన్న అంకె మాత్రం రెండుమార్లు ఉన్నది.

ఇక రెండు. ఒకదాని తేది 2003 మార్చి. భార్య చీటీని చాలాసేపు చూసి, “ఇది నాకు తెలుసు,” అన్నది. “అప్పుడు అమ్మాయికి మూడో నెల. ఉయ్యాల వేసిన గదిలోనే ఆ డబ్బా. రాత్రిళ్ళు లోపల కొరికే చప్పుడు. బయట పెట్టండి అంటే, చలికి చచ్చిపోతాయి అన్నారు. పిల్లకంటే అవి ఎక్కువా అని పోట్లాడాను. ఆ కొమ్మలు ఆసన్ ఒడ్డునుంచి తెచ్చిన చండ్ర కొమ్మలు. ముళ్ళు నా చేతికి గుచ్చుకున్నాయి, అందుకని తెలుసు.” కుమార్తె తట్టడం మాని తల్లి వైపు చూసింది. ఇటువంటి సాక్ష్యం చెల్లునో లేదో నాకు తెలియదు. ‘ఆసన్ నది ఒడ్డు, చండ్ర కొమ్మ, ఇంట పెంచినది, సేకర్త భార్య చెప్పినది’ అని వ్రాయించాను. పరిశోధనాలయపు అధికారి తరువాత దానిని చదివి, కొట్టివేయలేదు.

మిగిలినది ఒక్కటి, 2011 మే నాటిది. అగ్రిలస్‌యే, నాలుగు మిల్లీమీటర్లు ఉండదు, సూదికి గ్రుచ్చడానికి వీలులేక అట్టముక్క కొనమీద జిగురుతో నిలిపాడు. దద్దరి కిటికీ దగ్గర పెట్టి అటూ ఇటూ త్రిప్పితే తల దగ్గర ఊదా, నడుమ రాగి, తోక వైపు ఆకుపచ్చ. ఆ యేటి పుస్తకంలో ఏప్రిల్, మే పుటలు తడిసి ఒకదానికొకటి అంటుకొని పోయినవి. ఆవిరి పట్టి విప్పాము. సిరా అంతా నీలపు మరకయింది. ముందటి యేడు పుటలలో రెండు ఆసన్‌లూ ఉన్నవి, నదీ ఉన్నది, చెట్టూ ఉన్నది. భార్యకు ఆ యేడు ఏమీ జ్ఞాపకం లేదు.

మరునాడు పెట్టెలు తీసుకొనిపోవడానికి బండి వస్తుంది. రాత్రి పదకొండు దాకా నేనూ ఆ పురుగూ ఎదురెదురుగా కూర్చున్నాము. నది అని వ్రాయడానికి చెయ్యి ఎన్నిమార్లు పోయిందో చెప్పలేను. నదికే ఆరు సాక్ష్యాలున్నవి గదా అనిపించింది. చివరకు చీటీమీద ‘డూన్ లోయ’ అనీ, తేదీ, అతని పేరూ వ్రాయించి, చెట్టు అన్నచోట ఏమీ వ్రాయవద్దన్నాను. అతని స్వహస్తపు చీటీని తీయకుండా, కొత్తదానిని దాని క్రిందనే సూదికి గ్రుచ్చాము. ఎవరైనా సూది ఎత్తి చూస్తే పైన తెలుగులో ఆసన్ అన్న మాట ఉంటుంది.

ఉదయం పెట్టెలు ఎక్కించిన తరువాత ఆమె వసారా ఊడుస్తూ, డబ్బాల మూల నుండి ఒక ఎండుకొమ్మ తీసి నా చేతికిచ్చింది. దానిమీద ఒక రంధ్రం, సగం చందమామ ఆకారంలో. లోపల ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడిగింది. చెవి దగ్గర పెట్టుకొని విన్నాను. వీధిలో కూరలవాని కేక తప్ప వేరేమీ వినిపించలేదు. అయినా దానిని పారవేయవద్దనీ, ఒక డబ్బాలో వేసి సీసా తగిలించి ఉంచుమనీ చెప్పి, స్టేషనుకు బయలుదేరాను.